నలభై మందితో యుద్ధనౌక నడుస్తుందా?

ప్రశ్న: తీరప్రాంత పోరాటాల కోసం అమెరికా కట్టిన లిటోరల్ కాంబాట్ షిప్పుల్లో నలభై మందే ఉంటారని చదివాను. అంత నౌకకు ఆ మనుషులు చాలతారా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: నలభై అన్నది నౌకను నడిపేవాళ్ల తొలి లెక్క మాత్రమే. హెలికాప్టర్ బృందం, సముద్రపు మందుపాతరల (మైన్ల) సంగతో జలాంతర్గాముల సంగతో చూసే బృందం కలిస్తే 75 దాటేది. నడపడానికైతే చాలతారు. ఇంజన్ గదిలో కాపలా అక్కర్లేదు, సెన్సర్ల రీడింగులన్నీ నౌకను నడిపే గది (బ్రిడ్జి)లోనే కనిపిస్తాయి. చిక్కంతా మరమ్మతులతోనే. కంప్యూటర్ పంపును ఆపగలదు గానీ దాని సీలు మార్చలేదు కదా! ఆ పనుల్లో చాలావాటిని ఒడ్డున కాంట్రాక్టర్లకు వదిలేశారు. రేవు చేరేదాకా చిన్న లోపాలు పేరుకుపోయేవి. 2013లో సింగపూర్ వెళ్లిన ఈ రకం నౌక ‘ఫ్రీడం’ నావికులకు రోజుకు సుమారు 6 గంటల నిద్రే దక్కింది, నేవీ ప్రమాణం 8. తర్వాత మూల సిబ్బందిని 50కి పెంచారు.

ప్రశ్న: వాటి గేర్లు పదేపదే ఎందుకు చెడిపోయాయి?

జవాబు: ఫ్రీడం తరగతిలో, అంటే ఆ నౌక నమూనాలో కట్టినవాటిలో, రెండు గ్యాస్ టర్బైన్లు, రెండు డీజిల్ ఇంజన్లు ఉంటాయి. వాటి శక్తిని కలిపి, నీటిని వెనక్కి చిమ్మి నౌకను ముందుకు తోసే నాలుగు వాటర్‌జెట్లకు అందించేది కంబైనింగ్ గేర్. 40 నాట్లు (గంటకు సుమారు 74 కి.మీ.) దాటే వేగం కావాలన్న పట్టుదలే ఈ అమరికకు మూలం. నా లెక్కలో అది అనవసరపు ఖరీదు.

2015 డిసెంబరులో ఈ తరగతి నౌక ‘మిల్వాకీ’ టర్బైన్ల నుంచి డీజిళ్లకు మారుతుంటే క్లచ్ విడిపోలేదు, తిరుగుతూనే అరిగింది. ఆయిల్ ఫిల్టర్‌లో లోహపు రజను చేరింది. నౌకను లాక్కురావాల్సి వచ్చింది. నెల తిరిగేసరికి సింగపూర్‌లో ‘ఫోర్ట్‌వర్త్’ వంతు: గేర్‌కు ఆయిల్ అందకుండానే తిప్పారు, బేరింగులు పోయాయి. ఇది మనుషుల పొరపాటు. ఆయిల్ ప్రెజర్ చూసుకున్నాకే తిప్పాలన్న క్రమం తప్పింది. 2020లో బయటపడింది మాత్రం బేరింగుల డిజైన్ లోపమే. అందుకే 2021 జనవరిలో కొత్త నౌకలు తీసుకోవడం నేవీ ఆపేసింది.

ప్రశ్న: లోతు తక్కువ నీటిలో జలాంతర్గాముల్ని వేటాడే మన నౌక ‘అర్నాలా’కూ ఈ బెడద ఉందా?

జవాబు: 2025 జూన్ 18న విశాఖలో నౌకాదళంలో చేరిన అర్నాలాది డీజిల్, వాటర్‌జెట్ జోడీ. టర్బైన్ లేదు గనుక ఆ మార్పిడి గొడవ లేదు. అయితే లోతు తక్కువచోట ఏ వాటర్‌జెట్ అయినా ఇసుకనూ తెగిన వలల ముక్కలనూ లాగేసుకుంటుంది. నీరు లోపలికి తీసుకునే జాలీని శుభ్రం చేయడానికి మనిషి చెయ్యి కావాల్సిందే.