అమ్మ నన్ను ‘మీరు’ అంటోంది

“నాకు ఇరవై ఏడేళ్లు. కాథలిక్ గురువులను, అంటే ఫాదర్లను, తయారుచేసే సెమినరీలో థియాలజీ మూడో సంవత్సరం. మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లె. అమ్మా నాన్నా కూలికి వెళ్లి పెంచారు. మూడు నెలల పసివాడిగా ఉన్నప్పుడు ఫిట్స్ వచ్చి బతకనన్నారట. బతికితే దేవుడి సేవకు ఇస్తానని అమ్మ గుణదల మాతకు మొక్కుకుంది. పదో తరగతి అవ్వగానే మైనర్ సెమినరీలో చేర్చారు. నేను గేనని పదహారో ఏటే నాకు తెలుసు. ఎవరితోనూ ఏ సంబంధమూ లేదు. ఒక బ్యాచ్‌మేట్ మీద రెండేళ్లు మనసు పడ్డాను, అతనికి తెలియదు. ఐదింటికి గంట, ప్రార్థన, పూజ, క్లాసులు, సాయంత్రం వాలీబాల్, జపమాల, రాత్రి మౌనం. ఇదీ నా రోజు. సర్వీస్ మెల్లగా వేసినవాణ్ణి ‘ఆడంగి’ అని ఏడిపిస్తారు. అందరికంటే గట్టిగా నేనే నవ్వుతాను. ఆదివారాలు పల్లెలకు వెళ్లి ముసలివాళ్ల దగ్గర కూర్చోవడం నాకు ఇష్టం. వచ్చే ఏడాది డీకన్ పట్టం, గురువు కావడానికి ముందు మెట్టు. ఇది ప్రార్థనతో పోతుందా? పోకపోతే పట్టానికి ముందు సెమినరీ పెద్ద రెక్టర్ గారికి చెప్పాలా, చెప్పకుండా ఉండొచ్చా? ఇంటికి వెళ్తే అమ్మ నన్ను ‘మీరు’ అంటుంది. ముందు గదిలో కుర్చీ వేసి వడ్డిస్తుంది. ఆమె ముఖం చూస్తే ఏదీ చెప్పబుద్ధి కాదు. మూడు నెలలుగా సరిగ్గా నిద్ర లేదు.”
– ఒక గురువిద్యార్థి

బాబూ,

నీకు ‘నువ్వు’ అనే రాస్తున్నాను. ఏమీ అనుకోకు. నీ చుట్టూ ‘బ్రదర్ గారూ’ అనేవాళ్లు చాలామందే ఉన్నారు.

నీ మొదటి ప్రశ్నకు ఎక్కువ సమయం పెట్టను. పోదు. పోవాల్సిన పనీ లేదు, ఎందుకంటే అది జబ్బు కాదు. ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ 2018లోనే ఈ మాట బహిరంగంగా చెప్పింది. అదే ఏడాది సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు 377 సెక్షన్ కింద ఇది నేరం కాదని తీర్పునిచ్చింది. దీన్ని ‘మారుస్తాం’ అని వైద్యం చేయడం వృత్తిపరమైన తప్పని 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ తేల్చింది. రేపు ఎవరైనా స్వస్థత కూటమికి తీసుకెళ్లి తల మీద చేతులు పెట్టి వదిలిస్తామంటే వెళ్లకు. అక్కడ వదిలేది నీ ధైర్యం ఒక్కటే. ఉపవాసాలు దేవుడి కోసం ఉండు. నిన్ను నువ్వు శిక్షించుకోవడానికి ఉండకు.

ఇక రెక్టర్ గారి సంగతి. నేను మీ మతస్థురాలిని కాదు. అందుకే కానన్ లా, అంటే చర్చి చట్టం, బోధించిన ఒక ఫాదర్ గారిని అడిగాను. నీ ఊరూ వివరాలూ ఆయనకు చెప్పలేదు. ఆయన చెప్పింది ఇది: స్వలింగ ఆకర్షణ లోతుగా నాటుకున్నవారిని సెమినరీలో చేర్చుకోకూడదని, పట్టం ఇవ్వకూడదని 2005లో వాటికన్ ఒక ఆదేశం ఇచ్చింది. అది దాచిపెట్టి పట్టం తీసుకోవడం ఏమాత్రం నిజాయితీ లేని పని అని అందులోనే ఉంది. 2016లో వచ్చిన మార్గదర్శకాల్లో కూడా ఆ నియమం మళ్లీ రాశారు. నాకు ఆ నియమం నచ్చలేదు. బ్రహ్మచర్యం పాటిస్తానని మాట ఇచ్చే మనిషి మనసు ఎటు మొగ్గుతుందో చూసి గుమ్మం దగ్గరే ఆపడం నాకు న్యాయంగా అనిపించదు. కానీ నాకు నచ్చకపోయినంత మాత్రాన అది లేకుండా పోదు. నువ్వు ఆ ఇంట్లో ఉన్నావు కాబట్టి తెలుసుకుని ఉండాలి.

ఆయన చెప్పిన ఇంకో మాట నీకు పనికొస్తుంది. పాపసంకీర్తనంలో, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకునేటప్పుడు, చెప్పింది ఎప్పటికీ బయటికి రాదు. పట్టానికి ఎవరిని ఎంపిక చెయ్యాలన్న విషయంలో నీకు ఆధ్యాత్మికంగా దారి చూపే స్పిరిచువల్ డైరెక్టర్ అభిప్రాయం కానీ, పాపసంకీర్తనం విన్న గురువు అభిప్రాయం కానీ అడగకూడదని 240వ కానన్ చెబుతుంది. అంటే నువ్వు నోరు విప్పి మాట్లాడగలిగిన మనిషి ఆ గోడల లోపలే ఒకరు ఉన్నారు. ఆయన మీద నీకు నమ్మకం ఉంటే ఆయన దగ్గర మొదలుపెట్టు. రెక్టర్ గారి దగ్గరకు ఈ వారమే పరిగెత్తకు. ఊళ్లో ‘వచ్చేశాడట’ అనడానికీ ‘పంపించేశారట’ అనడానికీ ఎంత తేడానో నీకు నేను చెప్పనక్కర్లేదు.

నువ్వు అడిగినవి ఇవే. కానీ నీ ఉత్తరం రెండుసార్లు చదివాక నాకు రెక్టర్ గారు ముఖ్యంగా కనబడలేదు. నీలో ఉన్న ఆకర్షణ కూడా కాదు. కన్నకొడుకుని ‘మీరు’ అంటున్న తల్లి కనబడింది.

ఆ మాట నువ్వు ఉత్తరం చివర ఎప్పుడో గుర్తొచ్చినట్టు రాశావు. అది చదివి నేను కాసేపు కాగితం పక్కన పెట్టేశాను. మన ఇళ్లలో కొడుకు కలెక్టరైనా అమ్మకు ‘ఒరే’యే. చెంప మీద కొట్టగలిగే చనువు, తిన్నావా అని గదమాయించగలిగే చనువు ఆ పిలుపులో ఉంటాయి. మీ అమ్మ ఆ చనువు వదులుకుంది. గుణదల మాతకు ఇచ్చేసిన వస్తువును ముట్టుకోకూడదన్నట్టు నీకు దూరంగా నిలబడింది. ముందు గదిలో కుర్చీ వేసి నీకు వడ్డించి, తాను మాత్రం వంటింట్లో నేల మీద కూర్చుని తింటుంది. అవునా? నువ్వు రాయలేదు కానీ అలాగే జరుగుతుందని నాకు తెలుసు.

ఆమెను తప్పు పట్టడం లేదు. ఫిబ్రవరిలో 9, 10, 11 తేదీల్లో జరిగే గుణదల ఉత్సవాలకు నేను వెళ్లాను. తలనీలాలిచ్చి, చంకలో బిడ్డతో కొండెక్కుతున్న ఆడవాళ్లను చూశాను. అందులో ఏ తల్లి ఏం మొక్కుకుందో అడిగే ధైర్యం ఎవరికీ ఉండదు. బిడ్డ ఒళ్లో నీలుక్కుపోతుంటే, డాక్టరు లాభం లేదంటే, తల్లి తన దగ్గర ఉన్నదంతా ఇస్తానంటుంది. మీ అమ్మ దగ్గర ఉన్నది నువ్వే. ఇంకో సంగతి కూడా ఉంది. ఒకప్పుడు పెద్దింటి వాకిట్లో నిలబడి కూలి డబ్బులు తీసుకున్న మనిషిని ఈ రోజు ఎవరైనా ‘ఫాదర్ గారి అమ్మగారు’ అని కూర్చోమంటే ఆ కుర్చీ నీ అంగీ వల్లే వచ్చింది. ఆ గౌరవం చిన్నది అనేవాళ్లకు ఆకలి తెలియదు, వాకిట్లో నిలబడటం తెలియదు. నువ్వు నోరు మెదపలేకపోవడానికి ఇదే కారణమని నా అనుమానం. అమ్మకు వచ్చిన ఆ కుర్చీని నీ చేత్తో లాగేసినట్టు అవుతుందని నీ భయం.

అయినా ఒక మాట చెప్పాలి. మొక్కు ఆమెది. ఇది నా సొంత మాట అనుకునేవు. మొక్కు మొక్కుకున్నవారినే కట్టిపడేస్తుందని మీ చర్చి చట్టమే 1193వ కానన్‌లో చెబుతోంది. పట్టం తీసుకునేవాడికి పూర్తి స్వేచ్ఛ ఉండాలని, ఏ కారణంతోనూ ఎవరినీ బలవంతం చెయ్యకూడదని 1026వ కానన్‌లో ఉందట. పట్టానికి ముందు నువ్వు నీ చేతిరాతతో ఒక కాగితం రాసివ్వాలి కదా, నా ఇష్టపూర్వకంగా తీసుకుంటున్నానని. ఆ కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటే నీ చెయ్యి కదులుతుందా? నువ్వు గేవని రాయాలా వద్దా అన్న సందేహం తర్వాత వస్తుంది. అంతకంటే ముందు ‘నా ఇష్టం’ అన్న రెండు మాటలు నువ్వు నిజంగా రాయగలవా అన్నది ఉంది. నీ మొత్తం ఉత్తరంలో ‘నాకు ఇష్టం’ అని ఒక్కచోటే రాశావు, పల్లెల్లో ముసలివాళ్ల దగ్గర కూర్చోవడం గురించి. గురువునవ్వడం ఇష్టమని ఎక్కడా లేదు. ఇష్టమే అయి ఉండొచ్చు కూడా. పదకొండేళ్లుగా నిన్ను ఎవరూ అడగలేదు కాబట్టి నీకే తెలియకపోయి ఉండొచ్చు.

మీ అమ్మ సమూయేలు కథ చెప్పే ఉంటుంది. హన్నా మొక్కుకుని కన్న బిడ్డను గుడికి ఇచ్చేసింది, నిజమే. కానీ ఆ కథ అక్కడితో ఆగలేదు కదా. దేవుడు సమూయేలును పేరు పెట్టి పిలిచాడు. మూడుసార్లు ఆ పిల్లవాడు ఏలీ పిలిచాడనుకుని ఆయన దగ్గరికే పరిగెత్తాడు. నాలుగోసారి గాని తానుగా పలకలేదు. తల్లి మొక్కుతో సరిపోయేదైతే దేవుడు అన్నిసార్లు పిలిచేవాడు కాదు. అదే కథలో నాకు బాగా నచ్చిన ముక్క ఇంకొకటుంది. హన్నా ఏటేటా ఒక చిన్న అంగీ కుట్టి కొడుకుకు తెచ్చేది. ఏటేటా అంటే, బిడ్డ ఎంత పెరిగాడో ఆమె కళ్లారా చూసుకుంటూనే ఉంది. దేవుడికిచ్చినా కొలత మర్చిపోలేదు. మీ అమ్మ నిన్ను దగ్గర కూర్చోబెట్టుకుని నీ కొలత చూసి ఎన్నేళ్లయింది?

నేను పాతకాలపు మనిషిని. తల్లి ఋణం అనేది ఉందని నమ్ముతాను. ఆమె మోకాళ్ల నొప్పులకు ఆస్పత్రికి తిప్పడం, ముసలితనంలో ఆమె పక్కన ఉండటం, పండక్కి చీర కొనడం, ఆమె తిట్టినా ఎదురు చెప్పకుండా నిలబడటం, ఇవన్నీ నీ బాధ్యతలే. వాటిని ఎగ్గొడతానంటే నేను నీ పక్షాన ఉండను. కానీ అమ్మ సుఖం కోసం జీవితమంతా భయపడుతూ బతకడం ఋణం తీర్చడం కాదు. రేపు నువ్వు పీఠం దగ్గర నిలబడి పూజ చేస్తావు. ఎవడో ఒకడికి నీ సంగతి తెలుస్తుంది. వాడు నీ మెడ మీద కత్తి పెట్టినట్టు దాన్ని వాడుకుంటాడు. వాలీబాల్ కోర్టులో నవ్విన నవ్వే ముప్పై ఏళ్లు నవ్వాల్సి వస్తుంది. ఆ నవ్వు గురించి నువ్వు మామూలుగా రాసేశావు గానీ నాకు బాధేసింది. పక్కవాణ్ణి ‘ఆడంగి’ అంటే నవ్వడం ఆపు. ఎదురు తిరగమనడం లేదు. నవ్వకు, అంతే. మెల్లగా సర్వీస్ వేసిన ఆ కుర్రాడు కూడా రాత్రి నీలాగే నిద్రపోక పడుకుని ఉండొచ్చు.

ఒక విషయంలో మాత్రం ఇప్పుడే నీ దగ్గర మాట తీసుకుంటున్నాను. నువ్వు బయటికి వస్తే మర్నాడే ఇంట్లో సంబంధాలు చూడటం మొదలుపెడతారు. మేనమామ కూతురో, మీ చర్చి విచారణలో (పారిష్‌లో) చదువుకున్న అమ్మాయో ఎవరో ఒకరు సిద్ధంగా ఉంటారు. ఒప్పుకోకు. అమ్మ అన్నం మానేసినా ఒప్పుకోకు. ఆమె కన్నీళ్లు తుడవడానికి ఇంకో ఇంటి ఆడపిల్లను తీసుకొచ్చి జీవితాంతం ఏడిపించే హక్కు నీకు లేదు. అలా మోసపోయిన భార్యల ఉత్తరాలు నాకు వస్తూనే ఉంటాయి. అవి చదివితే నీకే తెలుస్తుంది.

నిద్ర సంగతి తేలిగ్గా తీసుకోకు. మూడు నెలలంటే ఎక్కువే. 14416 అని టెలి మానస్ నంబరుంది, ప్రభుత్వానిదే, ఎప్పుడైనా ఉచితంగా తెలుగులో మాట్లాడొచ్చు. చచ్చిపోవాలన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే మాత్రం ఎవరికోసమూ ఆగకుండా ఆ క్షణమే చెయ్యి. డీకన్ పట్టాన్ని ఒక ఏడాది వాయిదా వేసి బయట ఉంటానని అడగడం తప్పు కాదు. అలా అడిగినవాళ్లు నీకు ముందూ ఉన్నారు. డిగ్రీ ఉంటే బి.ఇడి. చెయ్యి, లేకపోతే ఆ ఏడాదిలో దాన్ని పూర్తి చేసే దారి వెతుకు. చేతిలో జీతం ఉన్నవాడి మాట ఇంట్లో వేరుగా వినబడుతుంది. ముసలివాళ్ల దగ్గర కూర్చోవడానికి అంగీ అక్కర్లేదు. అది రేపు కూడా చెయ్యొచ్చు.

నువ్వు గేవని అమ్మకు ఈ సెలవుల్లోనే చెప్పమని నేననడం లేదు. ఆ మాట మోయాలంటే ముందు మీ ఇద్దరి మధ్య మామూలు మాటలుండాలి. ఇప్పుడు అవి లేవు, పూజా ప్రసంగాలున్నాయి. కాబట్టి ఈసారి ఇంటికెళ్లినప్పుడు ముందు గదిలో వేసిన కుర్చీలో కూర్చోకు. కంచం పట్టుకుని వంటింట్లోకి వెళ్లి, ఆమె పక్కన పీట లేకపోయినా సరే నేల మీద కూర్చో. అయ్యో మీరిక్కడ కూర్చోకూడదు అంటుంది. కదలకు. ‘అమ్మా, నాకు ఫిట్స్ వచ్చిన రోజు ఏం జరిగిందో చెప్పు’ అని అడుగు. నాకు తెలిసి ఆ కథ ఆమె మొక్కు దగ్గరే మొదలుపెట్టి ఉంటుంది ఇన్నాళ్లూ. మొక్కుకు ముందు ఆ రాత్రి ఎవరి ఒళ్లో ఉన్నావో, ఏమని పిలిచి ఏడ్చిందో చెప్పమను. ఏమని పిలిచిందో ఇప్పుడు కూడా అలాగే పిలవమను.

ఆమె ఏమందో నాకు రాయి. రెక్టర్ గారి సంగతి అప్పుడు చూద్దాం.