ఇమేజ్‌జేలో ఫొటో నల్లగా కనిపిస్తే కెమెరాను అనుమానించకండి

మీ 12 బిట్ కెమెరా తీసిన టిఫ్ (ఒక రకం ఫొటో ఫైల్) ఇమేజ్‌జేలో, అంటే ఫొటోల్లోని వెలుగును కొలిచే సాఫ్ట్‌వేర్‌లో, పూర్తిగా నల్లగా కనిపిస్తోందని, కెమెరా పాడైందేమోనని రాశారు. టెన్షన్ పడకండి, డేటా చాలావరకు భద్రంగానే ఉండి ఉంటుంది. ఫొటోలో ఒక్కో చుక్క (పిక్సెల్) వెలుగును ఒక అంకెగా రాస్తారు; 12 బిట్ కాబట్టి మీ కెమెరా ఇచ్చే గరిష్ఠ విలువ 4095. ఫైల్ మాత్రం 16 బిట్, దాని గరిష్ఠ విలువ 65535. తెర ఆ 65535ని తెలుపుగా తీసుకుంటే, మీ అత్యంత వెలుగైన చుక్క కూడా అందులో పదహారో వంతే. నలుపు కాక ఇంకేం కనిపిస్తుంది?

ముందు మౌస్‌ను ఫొటో మీద మెల్లగా కదపండి. మెయిన్ విండో అడుగున పిక్సెల్ విలువ కనిపిస్తుంది. ఒకచోట 210, ఇంకోచోట 1800 అని మారుతుంటే ఫొటో ఉన్నట్టే. ఇప్పుడు షిఫ్ట్, సీ కలిపి నొక్కి, వచ్చిన చిన్న విండోలో ఆటో నొక్కండి. సరిపోకపోతే మ్యాగ్జిమమ్ స్లయిడర్‌ను ఎడమకు జరపండి.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను: అక్కడే ఉన్న అప్లై జోలికి వెళ్లొద్దు. స్లయిడర్లు కనిపించే తీరునే మారుస్తాయి, అప్లై అసలు పిక్సెల్ విలువలనే మార్చేస్తుంది. ఆ తర్వాత తీసే కొలతలకు అర్థం ఉండదు.

చాలాచోట్ల సరిగ్గా 4095 చూపిస్తే మాత్రం అది శాచురేషన్, అంటే వెలుగు కెమెరా కొలవగలిగే హద్దుకు చేరిపోయింది. దాన్ని ఏ స్లయిడరూ బాగుచేయలేదు, ఎక్స్‌పోజర్ (కెమెరా వెలుగును తీసుకునే సమయం) తగ్గించి మళ్లీ తీయాల్సిందే.