పొట్ట ఎక్స్‌రేకి పరగడుపునే వెళ్ళాలా? రాయి ఉంటే కచ్చితంగా కనిపిస్తుందా?

మీ నాన్నగారికి నడుము పక్కన నొప్పి అని డాక్టరు 'ఎక్స్‌రే కె.యు.బి.' రాశారన్నారు. పరగడుపున రావాలా, రేడియేషన్ ఎంత, రాయి తేలిపోతుందా అనేవి మీ ప్రశ్నలు.

ముందు చీటీలో ఏం రాసుందో సరిగ్గా చూడండి, తయారీ అంతా దాన్నిబట్టే. కె.యు.బి. అంటే కిడ్నీలు, మూత్రనాళాలు, మూత్రాశయం. వెల్లకిలా పడుకోబెట్టి తీస్తారు. 'ఎరెక్ట్ అబ్డామెన్' అని ఉంటే నిలబెట్టి తీస్తారు. అది పేగుకి చిల్లు పడిందా, అడ్డు పడిందా అన్న అనుమానానికి. దానికి తయారీ ఏమీ అక్కర్లేదు, విరేచనం మాత్ర అసలే వేయకూడదు. చిల్లు పడితే బయటికొచ్చిన గాలి పైకి చేరి డయాఫ్రమ్ (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరం) కింద నల్లటి నెలవంకలా కనిపిస్తుంది. చేరడానికి దానికి టైం కావాలి కాబట్టి, వీలైతే తీసే ముందు 10 నిమిషాలు నిటారుగా కూర్చోబెట్టడం మంచిది. స్ట్రెచర్ మీంచి లేపీ లేపగానే తీస్తే కొద్దిపాటి గాలి కంటపడకపోవచ్చు. నిలబడలేనివాళ్ళకి ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టి తీస్తారు.

మీ నాన్నగారిది కె.యు.బి. కాబట్టి అక్కడ శత్రువు పేగుల్లోని గ్యాసూ, మలమూ. 4 మిల్లీమీటర్ల రాయిని అవి ఇట్టే మరుగుపరుస్తాయి. ముందురోజు రాత్రి తేలిగ్గా తినమనండి. పప్పు, శనగపిండి వంటకాలు, సోడాలు వద్దు. చాలాచోట్ల రాత్రికి బిసాకోడిల్ అనే విరేచనం మాత్రలు ఇస్తారు, కానీ వాళ్ళు చెబితేనే వేయండి. పరగడుపున రమ్మని, ఆయనకి షుగర్ కూడా ఉంటే పొద్దున్నే మొదటి టోకెన్ అడగండి. ఆ పూట మాత్ర, ఇన్సులిన్ సంగతి డాక్టర్నే అడగాలి.

అదే రోజు అల్ట్రాసౌండ్ కూడా ఉంటే చాలామంది తికమకపడతారు. స్కాన్‌కి మూత్రాశయం నిండాలి, ఎక్స్‌రేకి ఖాళీ చేసి వస్తే మంచిది. స్కాన్ ముందు చేయించుకుంటే సరిపోతుంది. ఇంజెక్షన్ ఇచ్చి తీసే సీటీ మాత్రం ఎక్స్‌రేకి ముందు వద్దు: ఆ మందు మూత్రంలోకి దిగి తెల్లగా కనబడి, రాళ్ళని కప్పేస్తుంది. ఈ మధ్య బేరియం (పేగుల ఎక్స్‌రే కోసం తాగించే తెల్లటి మందు) తాగి ఉన్నా చెప్పండి.

మొలతాడు విప్పాల్సిందే. దారమే కదా అంటారు గానీ, దానికున్న వెండి బిళ్ళ, తాయెత్తు సరిగ్గా చూడాల్సిన చోటే పడతాయి. బెల్టు, జిప్పు, పిన్నీసు, జేబులో చిల్లర కూడా అంతే. 'ఊపిరి వదిలి బిగపట్టండి' అన్నప్పుడు కదలకుండా ఉంటే చాలు, సెకనులోపే అయిపోతుంది. కదిలితే బొమ్మలో చిన్న రాయి మసకబారిపోయి మళ్ళీ తీయాలి, అంటే రేడియేషన్ రెండింతలు.

ఒక్క ఫిల్ముకి పడే రేడియేషన్ సుమారు 0.7 మిల్లీసీవర్ట్ (రేడియేషన్‌ని కొలిచే ప్రమాణం). ప్రకృతి నుంచి మనిషికి ఏడాదికి సగటున 2.4 వస్తుంది, అంటే మూడు నాలుగు నెలల వంతు. పెద్దాయనకి దాని గురించి దిగులు అనవసరం. ఆడవాళ్ళయితే నెల తప్పిందేమోనన్న అనుమానం ఉన్నా గదిలోకి వెళ్ళకముందే చెప్పాలి.

ఇక అసలు ప్రశ్న. కాల్షియం రాళ్ళు కనిపిస్తాయి. యూరిక్ యాసిడ్ రాళ్ళు ఎంత పెద్దవైనా మామూలుగా కనిపించవు. పొత్తికడుపు కింద, కటి ఎముకల మధ్య రక్తనాళాల్లో గట్టిపడ్డ చుక్కలు రాళ్ళలాగే ఉంటాయి, వాటిని చూసి హడలిపోయేవాళ్ళు ఎక్కువ. పిత్తాశయంలో రాళ్ళలో ఎక్కువ భాగం ఇందులో తెలియవు. అపెండిక్స్ వాపు, అల్సర్ అయితే దీంతో తేల్చలేరు. కాబట్టి రిపోర్టు 'నార్మల్' వచ్చి నొప్పి తగ్గకపోతే ఇంటికి తీసుకుపోయి ఊరుకోకండి, అల్ట్రాసౌండో సీటీనో అవసరమవుతుంది. జ్వరం, చలి కూడా ఉన్నా, మూత్రం ఆగిపోయినా అదే రోజు ఆస్పత్రికి వెళ్ళాలి.

పాత ఫిల్ములుంటే వెంట పట్టుకెళ్ళండి, రాయి జరిగిందో లేదో వాటితో పోల్చే చెబుతారు. ఫిల్ము చేతికొచ్చాక కింది అంచు చూడండి: ముందువైపు జఘనాస్థి, అంటే పొత్తికడుపు కింద తగిలే ఎముక, పడి ఉండాలి. నాళం చివర మూత్రాశయం దగ్గర ఇరుక్కునే రాయి అక్కడే ఉంటుంది. పొడవాటి మనిషికి 14×17 అంగుళాల ఫిల్ములోనూ అది తెగిపోతుంటుంది. తెగితే అక్కడే చెప్పి కింది భాగం వరకు ఇంకొకటి తీయమనండి.