రోడ్డు మీదున్న మానసిక రోగులతో పని: మా అమ్మాయిని పంపొచ్చా?

ప్రశ్న: మాది నెల్లూరు. చాలా ఏళ్ళుగా చెన్నై పెరంబూరులో ఉంటున్నాం. మావారు సౌకార్‌పేటలో ఒక హోల్‌సేల్ కొట్టులో లెక్కలు రాస్తారు. అమ్మాయి బీఎస్సీ సైకాలజీ చివరి సంవత్సరం చదువుతోంది. కాలేజీ తరఫున కొన్నాళ్ళు ఒక సంస్థ వాళ్ళతో కలిసి, ఫుట్‌పాత్‌ల మీద, రైల్వే స్టేషన్ల దగ్గర ఉండే మతిస్థిమితం లేనివాళ్ళ దగ్గరికి వెళ్ళొచ్చింది. అప్పటినుంచి నా ఉద్యోగం ఇదే అంటోంది. కౌన్సెలర్ అవుతానంటే మాకూ ఇష్టమే, గదిలో కూర్చుని చేసుకునే పని. ఇదేమో రోడ్ల వెంట తిరగడం. వాళ్ళు మీదపడి కొడితే? రోగాలు అంటుకుంటే? జీతం ఎంతొస్తుంది? రేపు సంబంధాలు చూసేటప్పుడు ఏమని చెప్పుకోవాలి? సేవ చేయాలనుంటే నెలకోసారి అన్నదానం చేయమని వాళ్ళ నాన్న అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీరు అడిగినవాటిలో ఒక్కటీ తీసిపారేయాల్సినది కాదు. అయితే మీ ఇంట్లో ఈ మాట సేవా, ఉద్యోగమా అన్నట్టు నడుస్తోంది. అక్కడే చిక్కు పడింది. అమ్మాయి ఎంచుకున్నది ఒక వృత్తి. దానికి చదువుంది, శిక్షణ ఉంది. జీతం, సెలవులు, వెనకాల ఒక టీమ్ ఉండి తీరాలి. నర్సు చేసేది సేవే అని మనమంతా అంటాం, కానీ నర్సింగ్ చదవని మనిషి చేతికి సిరంజి ఇవ్వం కదా. ఇదీ అంతే. అందుకని నేను చెప్పేది: అమ్మాయిని వెళ్ళనివ్వండి. చదవకుండా, ఒంటరిగా, జీతం లేకుండా మాత్రం వెళ్ళనివ్వకండి.

ముందు ఆ పని ఎలా ఉంటుందో చెప్తాను. చాలామంది తల్లిదండ్రులు దీన్ని వ్యాన్‌లో వెళ్ళి, మనిషిని ఎక్కించుకుని, ఆసుపత్రిలో దింపి రావడం అనుకుంటారు. అలా ఎక్కించుకొచ్చినవాళ్ళు చాలాసార్లు మళ్ళీ రోడ్డు మీదికే వస్తారు. స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు ఉన్న మనిషికి తరచుగా చెవుల్లో ఎవరో తిడుతున్నట్టు వినిపిస్తుంటుంది. ఎదుటివాళ్ళు తనకు హాని చేయడానికే వచ్చారన్న గట్టి నమ్మకం ఉండొచ్చు. పైగా రోడ్డు మీద ఆ మనిషిని నిజంగానే తరిమినవాళ్ళు, కొట్టినవాళ్ళు ఉంటారు. అలాంటి మనిషి దగ్గరికి కొత్తవాళ్ళు వెళ్తే మొదటిరోజు జరిగేది చాలా తక్కువ. కాస్త దూరంలో, ఆ మనిషి కూర్చున్న ఎత్తులోనే కూర్చుని, పేరు చెప్పి, టీ తాగుతారా అని అడిగి, మళ్ళీ ఫలానా రోజు వస్తానని చెప్పి, ఆ రోజు ఆ వేళకే వెళ్ళాలి. మొదటి వారాల్లో పనంతా ఈ మాట నిలబెట్టుకోవడమే. పక్కనున్న మూట ముట్టుకోకూడదు. మనకు అది చెత్తలా కనిపిస్తుంది, ఆ మనిషికి మిగిలిన ఆస్తి అదే. చెవుల్లో ఏం వినిపిస్తోందని కూడా ముందు అడగరు. కాలికున్న పుండు గురించి అడుగుతారు, నిద్ర గురించి, తిండి గురించి అడుగుతారు. పుండుకు కట్టు కట్టించుకున్న మనిషి కొన్నాళ్ళకు డాక్టరు మాట వింటాడు. గోళ్ళు, జుట్టు, స్నానం ఆ తర్వాతి సంగతి.

మందుల విషయంలోనూ ఓపిక కావాలి. రోజూ మాత్ర వేసుకోమంటే రోడ్డు మీద బతికే మనిషికి కుదరదు. మాత్రలు వానకు తడుస్తాయి, ఎవరో లాగేసుకుంటారు, మరిచిపోతారు. అందుకే కొందరికి సైకియాట్రిస్ట్ రెండు నుంచి నాలుగు వారాలకోసారి వేసే ఇంజెక్షన్లు రాస్తారు. రాసేది డాక్టరు, వేసేది నర్సు. ఆ రోజుకు ఆ మనిషి ఎక్కడున్నాడో వెతికి పట్టుకోవడం, చేయి వణుకుతోందా, నడక బిగుసుకుందా అని గమనించి డాక్టరుకు చెప్పడం మీ అమ్మాయి లాంటివాళ్ళ పని.

ఇంకో సంగతి. మీ అమ్మాయికి తెలుగు వచ్చు, తమిళం వచ్చు. చెన్నైలో ఈ పనికి ఇది ఎంత విలువైనదో మీరు ఊహించి ఉండరు. విజయవాడ నుంచి, గూడూరు నుంచి, ఒడిశా నుంచి కూడా ఎన్నో రైళ్ళు సెంట్రల్‌లో వచ్చి ఆగుతాయి. ఏ రైలెక్కామో తెలియకుండా ఎక్కి అక్కడ దిగిపోయినవాళ్ళలో తెలుగువాళ్ళూ ఉంటారు. తమిళంలో ఎన్ని అడిగినా తల ఎత్తని మనిషి "ఏమ్మా, అన్నం తిన్నావా?" అంటే తల ఎత్తుతుంది. ఊరు పేరు అడిగితే చెప్పలేనివాళ్ళు కూడా ఊళ్ళో జాతర గురించి, ఏటిగట్టు గురించి, ఎక్కే బస్సు గురించి చెప్తారు. మాట యాస వింటే ఉత్తరాంధ్ర మనిషో, రాయలసీమ మనిషో, మీ నెల్లూరు వైపు మనిషో తెలుస్తుంది. అక్కడినుంచి పోలీస్ స్టేషన్‌కు ఫోన్, పంచాయతీకి ఫోన్, ఒక్కోసారి ఏళ్ళ తరబడి వెతికి ఆశ వదులుకున్న కుటుంబం దొరుకుతుంది. ముంబై సైకియాట్రిస్ట్ డాక్టర్ భరత్ వట్వానీకి 2018లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది ఈ పనికే: రోడ్డు మీదున్న మానసిక రోగులకు వైద్యం చేయించి వాళ్ళ ఇళ్ళకు చేర్చడం. అయితే ఇంటికి చేర్చడమే ప్రతిసారీ మంచిదనుకోకూడదు. ఇంట్లో కొడితేనే బయటికొచ్చిన ఆడవాళ్ళు ఉంటారు. వెళ్తావా అని ఆ మనిషిని అడగడం, వెళ్ళనంటే వినడం కూడా ఈ ఉద్యోగంలో భాగమే.

ఎక్కడో ఒక చోట పడేస్తే సరిపోతుందనుకుంటే ఏమవుతుందో తమిళనాడుకు బాగా తెలుసు. రామనాథపురం జిల్లా ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న ఒక ప్రైవేటు ఆశ్రమంలో తాటాకు పాకకు నిప్పంటుకుంది. లోపల మానసిక రోగులను గొలుసులతో కట్టేసి ఉంచారు. 28 మంది చనిపోయారు. అందుకే మనిషిని రోడ్డు మీంచి తీసుకురావడం కంటే, ఎక్కడికి తీసుకెళ్తున్నామన్నది పెద్ద ప్రశ్న. చెన్నైలోనే ది బాన్యన్ అనే సంస్థ ఉంది. 1993లో ఇరవైల్లో ఉన్న ఇద్దరు అమ్మాయిలు, వందనా గోపికుమార్, వైష్ణవి జయకుమార్, మొదలుపెట్టారు. కోలుకున్నాక వెళ్ళడానికి ఇల్లు లేని ఆడవాళ్ళు కొందరు కలిసి మామూలు వీధిలో అద్దె ఇంట్లో ఉండే ఏర్పాటు కూడా వాళ్ళు చేశారు. దానికి హోమ్ అగైన్ అని పేరు. మీరు ఒకసారి అమ్మాయితో కలిసి ఇలాంటి సంస్థకు ముందే అడిగి వెళ్ళి, అక్కడ పనిచేసేవాళ్ళతో మాట్లాడండి. నా జవాబు కంటే అది ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఇక కొడతారన్న భయం. తీవ్రమైన మానసిక జబ్బు ఉన్నవాళ్ళు ఇతరులను కొట్టడం కంటే, ఇతరుల చేతిలో దెబ్బలు తినడమే ఎక్కువ. రోడ్డు మీదున్న ఆడవాళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు. అలాగని ప్రమాదమే లేదని నేననను. మద్యం తాగి ఉన్నవాళ్ళు, బాగా ఆవేశంలో ఉన్నవాళ్ళు ఎదురవుతారు. కుక్కలు ఉంటాయి, ట్రాఫిక్ ఉంటుంది. చుట్టూ చేరే మగవాళ్ళ గుంపు కొన్నిసార్లు రోగి కంటే ఇబ్బంది పెడుతుంది. మంచి సంస్థ ఎవరినీ ఒక్కరిగా పంపదు. కనీసం ఇద్దరు వెళ్తారు, ఎక్కడున్నదీ ఆఫీసుకు తెలుస్తుంది, మనిషి ఆవేశంగా కనిపిస్తే ఆ రోజుకు వెనక్కి వచ్చేస్తారు. వెనక్కి వచ్చినందుకు ఎవరూ తప్పుపట్టరు. ఈ పద్ధతులు లేని చోట, ఎంత పేరున్న సంస్థయినా సరే, అమ్మాయి చేరకూడదు.

చట్టం కూడా ఈ పనికి అండగా ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, మానసిక జబ్బుతో తనను తాను చూసుకోలేని స్థితిలో తిరుగుతున్న మనిషి కనిపిస్తే పోలీసులు రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోపు దగ్గరలోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి చేర్చాలి. లాకప్‌లో పెట్టకూడదు. ఇల్లు లేని మనిషైతే తప్పిపోయిన వ్యక్తిగా ఎఫ్ఐఆర్ నమోదు చేసి కుటుంబాన్ని వెతకాల్సిన బాధ్యత స్టేషన్ అధికారిదే. ఇల్లు లేనివాళ్ళకు ప్రభుత్వ ఆసుపత్రుల్లో మానసిక వైద్యం ఉచితంగా అందాలి. స్టేషన్‌లో ఇవన్నీ తెలిసి మాట్లాడే మనిషి ఉంటే పని జరుగుతుంది, తెలియకపోతే "మా ఏరియా కాదు" అన్న మాట విని తిరిగి రావాలి. చదువు కావాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

చదువు సంగతికొస్తే, బీఎస్సీ సైకాలజీ ఒక్కటే చాలదు. కౌన్సెలర్ పనికి కూడా సాధారణంగా అది సరిపోదు, అంటే ఇది మీరు ఇష్టపడిన దారికీ వర్తిస్తుంది. అమ్మాయికి నేను చెప్పేది రెండేళ్ళ ఎంఎస్‌డబ్ల్యూ (మాస్టర్ ఆఫ్ సోషల్ వర్క్), అందులో మెడికల్ అండ్ సైకియాట్రిక్ సోషల్ వర్క్ స్పెషలైజేషన్. ఏ డిగ్రీ వాళ్ళయినా సాధారణంగా ఎంఎస్‌డబ్ల్యూకు అర్హులే, సైకాలజీ చదివినవాళ్ళకు కొంత ముందడుగు. మీకు దగ్గర్లోనే ఎగ్మూరులో మద్రాస్ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్ ఉంది, 1952 నుంచి ఇదే పని మీదుంది. ది బాన్యన్‌కు అనుబంధంగా ఉన్న బాల్మ్ అకాడమీ మానసిక ఆరోగ్యంలోనే పీజీ నడుపుతుంది. చదువుకోవడానికి ఊరు మారినా పర్వాలేదనుకుంటే విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ, తిరుపతిలో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం కూడా ఉన్నాయి. కానీ ఈ పని చేయాలనుకునే పిల్లకు చెన్నైలోనే ఉండి, ఫీల్డ్‌వర్క్ ఇక్కడి ఆసుపత్రుల్లో, షెల్టర్లలో చేయడం మేలని నా అభిప్రాయం. ఎంఎస్‌డబ్ల్యూ చదువులో పెద్ద భాగం ఫీల్డ్‌వర్క్‌లోనే ఉంటుంది.

ఆ తర్వాత రెండేళ్ళు ఉద్యోగం చేసి, అప్పుడు బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్‌లో సైకియాట్రిక్ సోషల్ వర్క్ ఎంఫిల్‌కు గానీ, దాని స్థానంలో ఉండే కోర్సుకు గానీ ఎంట్రన్స్ రాయమనండి. దేశంలో ఎంఫిల్ డిగ్రీలు ఆపేస్తున్నారు కాబట్టి అప్పటికి ఏది ఉందో ముందే కనుక్కోమనండి. ఎంఎస్‌డబ్ల్యూతో పాటు రెండేళ్ళ ఫుల్‌టైమ్ ఎంఫిల్ గానీ, నిబంధనలు గుర్తించిన వేరే అర్హత గానీ ఉన్నవాళ్ళనే 2017 చట్టం సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌గా గుర్తిస్తుంది. వెంటనే ఎంఫిల్‌కు వెళ్ళొచ్చు కదా అంటారేమో. వెళ్ళొచ్చు. కానీ రోడ్డు మీద, షెల్టర్‌లో కొంతకాలం పనిచేసి వెళ్ళినవాళ్ళు అక్కడ నేర్చుకునేది వేరుగా ఉంటుంది. పైగా ఈ పని నిజంగా తనకు సరిపోతుందో లేదో ఆ రెండేళ్ళలో తేలిపోతుంది.

జీతం గురించి దాచను. తోటి పిల్లలు సాఫ్ట్‌వేర్‌లో మొదలుపెట్టే జీతం దీనిలో మొదట్లో రాదు. స్వచ్ఛంద సంస్థల్లో జీతాలు విరాళాలను బట్టి, ప్రాజెక్టులను బట్టి ఉంటాయి. ప్రాజెక్టు అయిపోతే ఉద్యోగమూ అయిపోయే చోట్లు ఉన్నాయి. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలో సైకియాట్రిక్ సోషల్ వర్కర్ పోస్టులున్నాయి, వాటిలో చాలావరకు కాంట్రాక్టువే. ఎంఫిల్ ఉంటే ఆసుపత్రులు, మెడికల్ కాలేజీలు, పరిశోధన ప్రాజెక్టుల దారులు తెరుచుకుంటాయి, జీతమూ పెరుగుతుంది. ఇల్లు చెన్నైలోనే ఉంది కాబట్టి మొదటి రెండు మూడేళ్ళు అద్దె భారం లేదు. మీకు అప్పులుంటే, అమ్మాయి సంపాదన మీద ఇల్లు నడవాల్సి ఉంటే, అది ఇప్పుడే దాపరికం లేకుండా తనతో చెప్పండి. అది తెలిసి నిర్ణయం తీసుకునే హక్కు తనకుంది.

సంబంధాల గురించి ఒక్క మాట. ఎంఎస్‌డబ్ల్యూ పూర్తయ్యాక సోషల్ వర్కర్, పోస్ట్ గ్రాడ్యుయేట్ అని చెప్పండి, అదే నిజం. ఇక్కడ ఎవరినైనా వెక్కిరించాలంటే కీల్పాక్ పేరెత్తుతారు, హైదరాబాద్‌లో ఎర్రగడ్డ పేరెత్తుతారు. ఆ కీల్పాక్ మానసిక ఆసుపత్రికే సూపరింటెండెంట్‌గా చేసిన డాక్టర్ శారదా మీనన్ మన దేశంలో తొలి మహిళా సైకియాట్రిస్ట్‌గా పేరు పొందారు. 1984లో స్కిజోఫ్రీనియా మీద పనిచేసే స్కార్ఫ్ సంస్థను స్థాపించారు, 1992లో పద్మభూషణ్ అందుకున్నారు. ఈ పని చులకన అనుకునే ఇంటికి అమ్మాయిని ఇవ్వకపోవడమే మంచిది.

నాకు అసలు ఆందోళన వేరే ఉంది, మీరు అడగనిది. ఆరు నెలలు వెంటపడి నమ్మకం సంపాదించిన మనిషి ఒకరోజు ఆ చోట కనిపించడు. కోలుకుని ఇంటికెళ్ళిన ఆవిడ మందులు ఆపేసి మళ్ళీ స్టేషన్‌లో కనిపిస్తుంది. కొందరు చనిపోతారు. ఇరవై రెండేళ్ళ పిల్ల ఇవన్నీ తన తప్పని అనుకోవడం మొదలుపెడితే ఏడాదిలో అలసిపోతుంది. ఉద్యోగంలో చేరేముందు అమ్మాయి అడగాల్సిన ముఖ్యమైన ప్రశ్న జీతం గురించి కాదు. వారం వారం నా కేసులు కూర్చుని వినే సీనియర్ ఎవరు? ఒకేసారి ఎంతమందిని నాకప్పగిస్తారు? సెలవులో ఉంటే నా బదులు ఎవరు వెళ్తారు? వీటికి తడుముకోకుండా జవాబిచ్చే చోటే చేరమనండి. ఇంట్లో మీరు చేయాల్సింది చిన్నదే. రాత్రి తను మాట్లాడకుండా అన్నం తింటుంటే "నేను ముందే చెప్పానా" అనకండి. నిద్ర పట్టకపోవడం, చీటికిమాటికి ఏడుపు వారాల తరబడి ఉంటే తనకూ సహాయం కావాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఎవరైనా వాడుకోవచ్చు, ఫోన్ ఉచితం.

ఈ సెలవుల్లో పీజీ అప్లికేషన్ల తేదీలు చూసుకోమనండి, ఇంటర్న్‌షిప్‌కు ది బాన్యన్‌నూ స్కార్ఫ్‌నూ రెంటినీ అడగమనండి. రోగాలు అంటుకుంటాయన్న మీ భయానికి, ఫ్యామిలీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళి ధనుర్వాతం, హెపటైటిస్ బి టీకాలు వేయించండి. హెపటైటిస్ బి మూడు డోసులు పూర్తికావడానికి ఆరు నెలలు పడుతుంది కాబట్టి, ఎంఎస్‌డబ్ల్యూ సీటు వచ్చేదాకా ఆగకుండా ఇప్పుడే మొదలుపెట్టండి.