జీతం ఆపుకొని పీజీ చేయాలా? ఒక పశువైద్యుడి ప్రశ్న, ఇంటి లెక్కతో జవాబు

ప్రశ్న: నాకు 32 ఏళ్లు. గన్నవరంలో బీవీఎస్సీ చదివాను. విశాఖలో ఒక పెంపుడు జంతువుల క్లినిక్‌లో పనిచేస్తున్నాను, జీతం 55 వేలు. నా భార్య ప్రైవేటు స్కూల్లో టీచర్, ఆమెకు 24 వేలు. నాలుగేళ్ల పాప. గోపాలపట్నంలో అద్దెకు ఉంటున్నాం. అద్దెతో కలిపి ఇంటి ఖర్చు నెలకు 40 వేలు. సబ్బవరం దగ్గర కొన్న స్థలం అప్పు ఇంకా 3.1 లక్షలు ఉంది, ఈఎంఐ 11,500. చీటీకి నెలకు 15 వేలు కడుతున్నాం. ఇంకా తొమ్మిది నెలలు కడితే 4.5 లక్షలు వస్తుంది. ఎఫ్‌డీ 4.2 లక్షలు, మ్యూచువల్ ఫండ్లలో 1.8 లక్షలు ఉన్నాయి. రెండేళ్ల కిందట పాడేరు వైపు ఒక క్యాంపుకి వెళ్లినప్పుడు, చచ్చిన మేక మాంసం పంచుకు తిన్న ఇళ్లలో చేతుల మీద నల్లటి పుండ్లు చూశాను. అప్పటి నుంచి పశు ఆరోగ్యం, ప్రజారోగ్యం కలిసే వెటర్నరీ పబ్లిక్ హెల్త్‌లో పై చదువు చదవాలని ఉంది. బ్రిటన్‌లో ఏడాది కోర్సుకి అన్నీ కలిపి 34 లక్షలు అవుతుందట. చోడవరంలో అమ్మ పేరున ఉన్న ఇల్లు తనఖా పెడితే బ్యాంకు 30 లక్షలు ఇస్తానంటోంది. లేదా ఇక్కడే రెండేళ్ల ఎంవీఎస్సీ, అంటే పశువైద్యంలో పీజీ. ఇంట్లో అందరూ ‘ఈ వయసులో చదువేంటి’ అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: డాక్టర్ గారూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందు ఇంట్లో వాళ్ల మాట గురించి. 32 ఏళ్లు చదువుకి ఆలస్యమేమీ కాదు, మీ ముందు ఇంకా పాతికేళ్లకు పైగా సర్వీసు ఉంది. మీరు చూసిన పుండ్లు దొమ్మ రోగానివే అయి ఉండొచ్చు, ఆంత్రాక్స్ అంటాం కదా, అది మన ఏజెన్సీకి కొత్త కాదు. మట్టిలో దశాబ్దాలు బతికే ఆ క్రిమి సంగతి నాకన్నా మీకే బాగా తెలుసు. చచ్చిన పశువుని కోయొద్దని ఊరికి నచ్చజెప్పగల డాక్టరు మన జిల్లాలకు కావాలి. కాబట్టి చదవాలా వద్దా అన్నది నేను ప్రశ్నగా తీసుకోవడం లేదు. ఏ దారిలో, ఎప్పుడు, ఎవరి ఆస్తిని పణంగా పెట్టకుండా అన్నదే నా ప్రశ్న.

బ్రిటన్ లెక్క ముందు చూద్దాం. 30 లక్షల అప్పు, వడ్డీ 10.5 శాతం అనుకుందాం. చదివే ఏడాది, ఆ తర్వాత సాధారణంగా ఇంకో ఏడాది వరకు కట్టక్కర్లేదు, కానీ వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. కట్టడం మొదలయ్యేనాటికి అసలు దాదాపు 36 లక్షలకు చేరుతుంది. పదేళ్లలో తీర్చాలంటే ఈఎంఐ 48,500 దాకా వస్తుంది. మొత్తం కట్టేది 58 లక్షల పైమాటే. మీ ఇప్పటి జీతం 55 వేలు. తిరిగొచ్చి విశాఖలోనే స్థిరపడాలన్నది మీ ఆలోచన అయితే, ఆ ఈఎంఐ కట్టగల జీతం ఈ రంగంలో ఇక్కడ మొదటి రోజే దొరుకుతుందని నేను మీకు చెప్పలేను. పైగా బ్యాంకు ఇచ్చే 30 పోను మిగతా 4 లక్షలు మీ ఎఫ్‌డీ నుంచే పోవాలి. అంటే మీ భార్య 24 వేల జీతంతో, చేతిలో పెద్దగా నిల్వ లేకుండా, పాపతో ఏడాదంతా నెట్టుకురావాలి. చీటీ డబ్బు వస్తే అది ఇంటి ఖర్చులకే అయిపోతుంది.

విద్యారుణం వడ్డీకి పన్ను మినహాయింపు ఉంది కదా అని మీకు ఎవరైనా చెప్పి ఉండొచ్చు. 80ఇ అని మనం పిలుచుకునే ఆ మినహాయింపు ఎనిమిదేళ్ల వరకు వస్తుంది, మొత్తానికి పరిమితి కూడా లేదు. కానీ అది పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే. మీ ఆదాయానికి కొత్త విధానమే లాభం. కాబట్టి ఆ మినహాయింపుని చూసుకుని అప్పు చేయకండి.

అమ్మగారి ఇల్లు మాత్రం వద్దు. ఇది నా గట్టి మాట. చదువు అనుకున్నట్టు సాగకపోయినా, ఉద్యోగం ఏడాది ఆలస్యమైనా ఇబ్బంది పడాల్సింది మీరు, చోడవరంలో ఉన్న ఆమె కాదు. ఆ సంతకం పెట్టడానికి ఆవిడ ఒప్పుకుంటారు, తల్లి కాబట్టి. అందుకే అడగొద్దంటున్నాను.

విదేశం మీద మనసు పూర్తిగా చంపుకోమనడం లేదు. బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చెవెనింగ్ స్కాలర్‌షిప్ ఏడాది మాస్టర్స్ ఖర్చంతా భరిస్తుంది. రెండేళ్ల ఉద్యోగ అనుభవం ఉండాలి, అది మీకుంది. చదువయ్యాక రెండేళ్లు సొంత దేశంలో ఉండాలన్న షరతు మీకు బరువు కాదు, మీరు ఎలాగూ వచ్చేయాలనుకుంటున్నారు. పోటీ చాలా ఎక్కువ. కానీ దరఖాస్తుకి డబ్బు ఖర్చు లేదు, ప్రతి ఏటా వేయొచ్చు. అలాగే లండన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీ వెటర్నరీ ఎపిడెమియాలజీ (పశువుల్లో రోగాలు ఎలా వ్యాపిస్తాయో చూసే శాస్త్రం), పబ్లిక్ హెల్త్‌లో దూరవిద్య ద్వారా పీజీ నడుపుతోంది. ఉద్యోగం వదలకుండా చదవొచ్చు. ఫీజు పౌండ్లలో ఉంటుంది కాబట్టి రూపాయి పడిపోతే మీ ఖర్చు పెరుగుతుందని మాత్రం లెక్కలో ఉంచుకోండి. చేరే ముందు ఇంకో సంగతి. మన వెటర్నరీ కాలేజీల్లో పాఠాలు చెప్పాలంటే ఎంవీఎస్సీ అడుగుతారు. విదేశీ డిగ్రీని దానికి సమానంగా తీసుకుంటారో లేదో వెటర్నరీ కౌన్సిల్ నుంచి రాతపూర్వకంగా తెలుసుకోకుండా ఒక్క పౌండు కూడా కట్టకండి.

ఇప్పుడు ఇక్కడి ఎంవీఎస్సీ. తిరుపతి శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కిందకి వచ్చే కాలేజీలు ఒకవైపు, బరేలీ దగ్గర ఇజ్జత్‌నగర్‌లోని భారత పశువైద్య పరిశోధన సంస్థ ఐవీఆర్‌ఐ ఇంకోవైపు. భారత వ్యవసాయ పరిశోధన మండలి ఐసీఏఆర్ పీజీ ప్రవేశ పరీక్షలో మంచి ర్యాంకు వస్తే స్కాలర్‌షిప్ కూడా రావచ్చు. దానికి వయసు షరతు మీకు అడ్డొస్తుందేమో నోటిఫికేషన్‌లో ముందే చూసుకోండి. నా లెక్కలో మాత్రం ఆ డబ్బు సున్నా అనే వేశాను. వస్తే అది మీ పాప పేరున వెళ్తుంది.

చాలామంది పీజీ ఖర్చంటే ఫీజు అనుకుంటారు. మీ విషయంలో అసలు ఖర్చు ఫీజు కాదు, ఆగిపోయే జీతం. రెండేళ్లంటే 24 నెలలు, 55 వేల చొప్పున 13.2 లక్షలు. విద్యారుణం ఫీజుకి, హాస్టల్‌కి, పుస్తకాలకు వస్తుంది. గోపాలపట్నం అద్దెకి, పాప పాలకి రాదు. అందుకే ఈ చదువుకి అప్పు సరైన మందు కాదంటాను.

ఈ ఏడాదే చేరిపోతే ఏమవుతుంది? ఇంటి ఖర్చు 40 వేలు, ఈఎంఐ 11,500, మీ హాస్టలు, మెస్సు, రానుపోను ఖర్చులు ఓ 10 వేలు. మొత్తం 61,500. మీ భార్య జీతం తీసేస్తే నెలకు 37,500 లోటు. 24 నెలలకు 9 లక్షలు. ఫీజులకు, చిల్లర ఖర్చులకు ఇంకో లక్ష పక్కన పెడదాం. పైగా చీటీ ఇంకా తొమ్మిది నెలలు కట్టాలి, అది మరో 1.35 లక్షలు. మొత్తం 11.35 లక్షలు కావాలి, మీకున్నది చీటీతో సహా 10.5 లక్షలు. చదువు పూర్తయ్యేలోపే డబ్బు అయిపోతుంది. అత్యవసరానికి ఏమీ మిగలదు.

అదే ఒక్క ఏడాది ఆగండి. ఇప్పుడు మీకు అన్నీ పోను నెలకు 12,500 మిగులుతోంది. చీటీ అయిపోయాక ఆఖరి మూడు నెలలు 27,500 మిగులుతుంది. ఏడాది తిరిగేసరికి దాదాపు 1.95 లక్షలు. ఈలోగా ఈఎంఐలు కడుతూ ఉంటే స్థలం అప్పు కూడా, వడ్డీ 9.5 శాతం ప్రకారం, 2 లక్షల లోపుకి దిగుతుంది. ఆ 1.95 లక్షలతో అప్పు తీర్చేసి అప్పుడు కాలేజీకి వెళ్లండి. ఈఎంఐ లేకపోతే నెల లోటు 26 వేలే. 24 నెలలకు 6.24 లక్షలు, ఫీజులకు లక్ష, మొత్తం 7.24 లక్షలు. మీ ఎఫ్‌డీ, చీటీ, ఫండ్లు కలిపి 10.5 లక్షలు. ఇంకా 3.26 లక్షలు మిగులుతాయి, అంటే ఎనిమిది నెలల ఇంటి ఖర్చు. ఒక్క రూపాయి కొత్త అప్పు లేదు, ఎవరి ఇల్లూ తనఖాలో లేదు. ఈ లెక్క వేసి చూసినప్పుడు మీకోసం నాకు నిజంగా సంతోషమేసింది. ధరలు పెరిగి నెలకు మూడు నాలుగు వేలు అటూ ఇటూ అయినా ఇది తట్టుకుంటుంది.

ఆ ఏడాది పరీక్షకి చదువుకునే ఏడాది కూడా. దాంతోపాటు చిన్న పని ఒకటి చేయండి. ఇగ్నోలో ఆహార భద్రత, నాణ్యత మీద పీజీ డిప్లొమా ఉంది. ఇగ్నో ప్రాంతీయ కేంద్రం విశాఖలోనే ఉంది, ఫీజు వేలల్లోనే. మాంసం, పాలు, మందుల అవశేషాలు, వీటి మీద రోజూ గంట చదవడం మీకు నచ్చుతోందో లేదో ఆ డిప్లొమాతో తెలిసిపోతుంది. ఒక ఊళ్లో చూసిన పుండ్లు మనిషిని కదిలిస్తాయి. కానీ ఈ రంగంలో రోజువారీ పని ఎక్కువగా ల్యాబులో, రిజిస్టర్లలో, నమూనాలతో ఉంటుంది. రెండేళ్ల జీతం వదులుకునే ముందు అది చూసుకోవాలి.

చీటీని ముందే పాడుకోకండి. తొమ్మిది నెలలాగితే నష్టం లేకుండా వస్తుంది. మ్యూచువల్ ఫండ్లు ఈక్విటీవి అయితే వాటిని ఈ ఏడాదిలో కొంచెం కొంచెంగా తీసి ఎఫ్‌డీలోకి మార్చండి, రెండేళ్లలో కావలసిన డబ్బు మార్కెట్లో ఉండకూడదు. ఏడాది దాటిన యూనిట్ల మీద లాభం ఆర్థిక సంవత్సరానికి 1.25 లక్షల వరకు పన్ను లేదు కాబట్టి మీకు పన్ను బాధ ఉండదు. కాలేజీకి వెళ్లిన నెల నుంచి ప్రతి ఒకటో తారీఖున మీ ఖాతా నుంచి మీ భార్య ఖాతాకి 16 వేలు తనంతట తానే వెళ్లేలా బ్యాంకులో పెట్టండి. ఇంటి లోటు అంతే, మిగతా పది వేలు మీకు. ఆమె ప్రతి నెలా ‘డబ్బు పంపు’ అని అడగాల్సిన పరిస్థితి రాకూడదు. ఇంట్లో టెన్షన్ సగం అక్కడే తగ్గుతుంది.

క్లినిక్ వదిలితే వాళ్ల గ్రూపు ఆరోగ్య బీమా ఉంటే అదీ పోతుంది. రాజీనామాకి కనీసం రెండు నెలల ముందే ముగ్గురికీ కలిపి 10 లక్షల ఫ్యామిలీ పాలసీ, మీ పేరున కోటి రూపాయల టర్మ్ పాలసీ తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియంల మీద జీఎస్‌టీ లేదు. ప్రపోజల్ ఫారంలో పశువుల రక్తం, నమూనాలతో పనిచేస్తానని నిజం రాయండి. పశువుల నుంచి మనుషులకు సోకే బ్రూసెల్లోసిస్ లాంటివి మీ వృత్తిలో ఉన్న ముప్పే కదా, దాచితే క్లెయిమ్ దగ్గర ఇబ్బంది. ముందస్తు రేబిస్ టీకా మీరు వేయించుకునే ఉంటారు, అయినా అడుగుతున్నాను.

చదువయ్యాక ఆదాయం? పెంపుడు జంతువుల క్లినిక్‌లో ఈ పీజీ వల్ల జీతం పెద్దగా పెరగదు, ఆ ఆశ పెట్టుకోవద్దు. మన చుట్టుపక్కల దారులు వేరే ఉన్నాయి. గరివిడి వెటర్నరీ కాలేజీ విజయనగరం జిల్లాలోనే ఉంది. విశాఖ నుంచి రొయ్యలు ఎగుమతి చేసే కంపెనీలకు యాంటీబయోటిక్ అవశేషాల పరీక్ష లేకుండా సరుకు కదలదు, ఆ ల్యాబులకు మనుషులు కావాలి. డెయిరీలున్నాయి. ఇంకో సంగతి చాలామంది మీ డాక్టర్లకు తెలియదు. ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ ఉద్యోగానికి పశువైద్య డిగ్రీ అర్హతే. అంటే మీకు ఈరోజే అర్హత ఉంది, పీజీ అక్కర్లేదు. ఆ నోటిఫికేషన్ గాని, వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్ పోస్టులు గాని ఈ ఏడాదిలో పడితే తప్పకుండా రాయండి. ఉద్యోగం వస్తే, సర్వీసులో ఉంటూ పీజీకి అనుమతి, జీతంతో సెలవు ఎలా ఇస్తారో ఆ శాఖలో అడిగి తెలుసుకోండి. అప్పుడు నేను పైన వేసిన లెక్కంతా మారిపోతుంది, మీకు మేలుగానే.

ఈ వారంలో చేయాల్సింది ఒకటే. స్థలం అప్పు ఇచ్చిన బ్యాంకుకి వెళ్లి, ముందే తీర్చేస్తే అదనపు రుసుము ఉందా అని అడగండి, బ్యాలెన్స్ స్టేట్‌మెంట్ తీసుకోండి. మీ భార్యని కూడా తీసుకెళ్లండి.