పాఠకుల ప్రశ్నలు: ఫిజీషియన్ అసిస్టెంట్‌కు తొలి ఉద్యోగం

ప్రశ్న: నేను చెన్నైలో బీఎస్సీ ఫిజీషియన్ అసిస్టెంట్ కోర్సును ఇంటర్న్‌షిప్‌తో సహా ఈ మధ్యనే పూర్తిచేసి పర్లాకిమిడికి తిరిగి వచ్చాను. ప్రభుత్వ ప్రకటనలలో స్టాఫ్ నర్సు, ల్యాబ్ టెక్నీషియన్, ఫార్మసిస్టు పోస్టులే కనిపిస్తున్నాయి. విశాఖపట్నంలోని ఆసుపత్రులకు దరఖాస్తు చేస్తే అనుభవం ఉన్నదా అని అడుగుతున్నారు. మా ఇంటికి దగ్గరలోని ఒక నర్సింగ్ హోం వారు మంచి జీతమే ఇస్తామన్నారు గాని, రాత్రి డ్యూటీలో డాక్టరుగారు ఉండరని, అవసరమైతే ఫోనులో చెబుతారని అన్నారు. ఇంటిపట్టునే ఉండవచ్చు గనుక చేరమని అమ్మానాన్నలు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, గజపతి జిల్లా, ఒడిశా

జవాబు: ఆ నర్సింగ్ హోంలో చేరవద్దమ్మా. జీతం అవసరమైన ఇంట్లో ఈ మాట ఎంత బరువుగా వినబడుతుందో తెలిసే చెబుతున్నాను. రోగిని పరీక్షించడం, రోగ చరిత్రను రాసుకోవడం, శస్త్రచికిత్సలో చేయి అందించడం, వార్డులో రోగి పరిస్థితిని గమనించి వైద్యునికి తెలియజేయడం మీ చదువు మీకు నేర్పింది. అయితే అదంతా వైద్యుని పర్యవేక్షణలో జరగవలసిన పని. అర్ధరాత్రి గుండెనొప్పితోనో పాముకాటుతోనో ఒకరిని తీసుకువస్తే, వెంట వచ్చినవారు మిమ్మల్నే డాక్టరు అనుకుంటారు, చికిత్స నిర్ణయించే అధికారం మాత్రం మీకు ఉండదు, జరగరానిది జరిగితే జవాబు చెప్పవలసినదీ మీరే అవుతారు. అదీగాక, తొలి ఏడాదిలో మీరు రాసిన కేస్ షీటును చదివి, తప్పును తప్పని చూపించే మనిషి పక్కన ఉండాలి. వైద్యుడే లేని చోట ఆ దిద్దుబాటు దొరకదు.

ఇక ఎక్కడ వెతకాలన్నది. మన దేశంలో ఈ కోర్సు 1992లో చెన్నైలోని మద్రాస్ మెడికల్ మిషన్‌లో, గుండె శస్త్రచికిత్స నిపుణులు డాక్టర్ కె.ఎం. చెరియన్ చొరవతో మొదలయింది. బైపాస్ ఆపరేషన్‌కు కాలి నుంచి రక్తనాళాన్ని తీయడం మొదలు, ఆపరేషన్ తరువాత ఐసీయూలో రోగిని కనిపెట్టుకొని ఉండడం దాకా శిక్షణ పొందిన సహాయకుల అవసరం ఆ విభాగంలో ఎక్కువ. ఈ చదువు విలువ తెలిసినవారు నేటికీ గుండె శస్త్రచికిత్స, కార్డియాలజీ, నెఫ్రాలజీ (కిడ్నీ వైద్యం) వంటి విభాగాలలోనే ఎక్కువగా కనిపిస్తారు కనుక, మీ దరఖాస్తును హెచ్ఆర్ విభాగానికి పంపి ఊరుకోకుండా, అటువంటి విభాగాధిపతిని స్వయంగా కలిసి, ఇంటర్న్‌షిప్‌లో మీరు చూసిన కేసులను, చేసిన పనులను నమోదు చేసుకున్న లాగ్‌బుక్‌ను వారి చేతికి ఇవ్వండి. అనుభవం ఉన్నదా అన్న ప్రశ్నకు మీ దగ్గర ఉన్న సాక్ష్యం అదే.

మీ దగ్గర ఉన్న మరొక బలాన్ని మీ ఉత్తరంలో మీరు ప్రస్తావించనే లేదు. కోరాపుట్, రాయగడ, గజపతి జిల్లాల నుంచి వైద్యం కోసం విశాఖపట్నం వెళ్లే రోగులు ఎందరో ఉన్నారు. నొప్పి ఎప్పుడు మొదలయిందో, ఇంతకుముందు ఏ మందులు వాడారో ఒడియాలో అడిగి రాసుకొని, ఆపరేషన్ అంగీకార పత్రంలో ఏమున్నదో ఆ ఇంటివారికి వారి భాషలోనే వివరించి, తిరిగి తెలుగులో వైద్యునికి చెప్పగల సహాయకురాలు ఆ ఆసుపత్రులకు చాలా అవసరం. పర్లాకిమిడిలో పెరిగినవారికి రెండు భాషలూ సహజంగా వస్తాయి కనుక మనకది గొప్పగా తోచదు గాని, దరఖాస్తులో మొదటనే రాయవలసిన అర్హత అది. నెఫ్రాలజీ మీకు ఇష్టమైతే దానినీ ఆలోచించండి. మీకు పొరుగునే ఉన్న ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కుంగదీసిందో మీకు తెలుసు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రిని, పరిశోధన కేంద్రాన్ని ప్రారంభించవలసి వచ్చిందంటే ఆ అవసరం ఎంతటిదో గ్రహించవచ్చు. డయాలసిస్ రోగి వారానికి రెండు మూడుసార్లు వస్తాడు. అతని బరువులో, రక్తపోటులో వచ్చే మార్పులను వెంటవెంటనే గుర్తించే మనిషి ఉంటే వైద్యునికి ఎంతో మేలు.

చేరే ముందు ఏ వైద్యుని కింద పనిచేయాలో, రౌండ్స్‌కు వెంట తీసుకువెళతారో లేదో అడగండి. డిశ్చార్జ్ సమ్మరీలు రాయడం తొలి నెలల్లో మంచి అభ్యాసమే, కాని రోజంతా అదే పని అప్పగించే చోట మీ చదువు గుమాస్తాగిరీతో ముగిసిపోతుంది. అపాయింట్‌మెంట్ లెటర్‌లో విధులు రాసి ఉండాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లను చూపించండి, అంతేగాని వారి దగ్గర వదిలిరావద్దు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టంలో ఫిజీషియన్ అసోసియేట్ల, అంటే మీ ఫిజీషియన్ అసిస్టెంట్ల, వృత్తికీ చోటు ఉన్నది; ఆ చట్టం అర్హతను చదివిన గంటల లెక్కలోనూ చూస్తుంది కనుక, గంటలు నమోదైన మార్కుల పత్రాలను, ఇంటర్న్‌షిప్ ధ్రువపత్రాన్ని ఇప్పుడే కళాశాల నుంచి తెచ్చుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి ఇదే కోర్సు చదివాడు. అమెరికాలో నేరుగా ఫిజీషియన్ అసిస్టెంట్ ఉద్యోగం ఇప్పిస్తానని ఒక ఏజెంటు అడ్వాన్సు అడుగుతున్నాడు. ఇవ్వవచ్చునా?
– ఒక తండ్రి, గుణుపురం

జవాబు: ఇవ్వవద్దండీ. అమెరికాలో ఈ వృత్తిలో ప్రవేశించాలంటే ప్యాన్స్ అనే పరీక్ష నెగ్గాలి. అక్కడి ఏఆర్‌సీ-పీఏ అనే సంస్థ గుర్తించిన కోర్సు చదివినవారికే ఆ పరీక్ష రాసే వీలుంటుంది. మన దేశపు డిగ్రీతో ఆ పరీక్షకు కూర్చోలేరు. మీ అబ్బాయికి అక్కడికే వెళ్లాలని ఉంటే అక్కడ మళ్లీ మాస్టర్స్ స్థాయి కోర్సు చదవాలి. అందుకు ఇక్కడి డిగ్రీని అంగీకరిస్తారో లేదో ఏజెంటును కాక ఆయా కళాశాలలనే ఉత్తరం రాసి అడగమనండి.