ఆగర్ బిగుసుకుంటే నీళ్ల జోలికి వెళ్లకండి

మీ పెల్లెట్ గ్రిల్‌లో (చెక్కపొట్టు గుళికలు, అంటే పెల్లెట్లు, కాల్చి వండే గ్రిల్) మోటార్ గుర్రుమంటోంది, పెల్లెట్లు మాత్రం ఫైర్‌పాట్‌లోకి (అవి మండే గిన్నెలోకి) రావట్లేదన్నారు కదా. మోటార్ వెనకున్న చిన్న ఫ్యాన్ చూడండి. పూర్తిగా తిరగకుండా ముందుకీ వెనక్కీ ఊగుతుంటే ఆగర్ (పెల్లెట్లను గొట్టంలోంచి ముందుకు నెట్టే మరలాంటి కడ్డీ) బిగుసుకున్నట్టే. చెమ్మ తగిలిన పెల్లెట్లు ఉబ్బి, పొట్టుగా మారి, గొట్టంలో సిమెంటులా గట్టిపడతాయి.

ప్లగ్ తీసేసి, గ్రిల్ చల్లారాక హాపర్ (పెల్లెట్లు పోసే పెట్టె) ఖాళీ చేయండి. మోటార్‌ని ఆగర్‌కి కలిపే పిన్ను ఊడదీసి, కడ్డీని లాకింగ్ ప్లయర్‌తో పట్టుకుని వెనక్కి తిప్పండి. మొదట కదలదు. అటూ ఇటూ ఆడిస్తుంటే కరకరమంటూ వదులవుతుంది. మొండికేస్తే సన్నటి స్క్రూడ్రైవర్‌తో పొడిచి, పొట్టంతా వాక్యూమ్‌తో లాగేయండి. నీళ్లు మాత్రం పోయొద్దు, ఇంకా ఉబ్బుతాయి (నేనొకసారి ఆ తెలివితక్కువ పని చేసి రోజంతా గొట్టం గోకుతూ కూర్చున్నాను). వెలిగించేముందు ఫైర్‌పాట్‌లో పోగైన పెల్లెట్లు తీసేయడం మర్చిపోకండి.